మండపంలో మేళం, బరాత్‌లో డీజే: హైదరాబాద్ పెళ్లికి సంగీతం కుదుర్చుకునే విధానం

లగ్నపత్రిక రాసుకున్న రోజునే హాలు, వంటవారు, ఫోటోగ్రాఫరు అందరికీ గుర్తుకొస్తారు. సన్నాయి మేళం, డీజే మాత్రం పెళ్లి మూడు వారాల్లోకి వచ్చాక గుర్తుకొస్తారు. ఈ ఆలస్యం వల్ల నష్టపోయేది పెళ్లివారే. ఆషాఢం, పుష్యం, మూఢాలు తీసేస్తే ఏడాదిలో మిగిలే గట్టి ముహూర్తాలు కొద్ది తేదీలే కాబట్టి నగరమంతా ఆ తేదీల మీదే పడుతుంది. అలాంటి రోజున పేరున్న మేళం వారు ఉదయం ఒక పెళ్లి, రాత్రి ఇంకొక పెళ్లి ఒప్పుకుంటారు. డీజేలైతే ఒకే పేరుతో మూడు బృందాలను మూడు హాళ్లకు పంపుతారు. అందుచేత ముహూర్తం ఖాయమైన వారంలోనే ఇద్దరితోనూ మాట్లాడుకోవాలి. అలా మాట్లాడేటప్పుడు ధర కంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: "ఆ రోజు మీరే స్వయంగా వస్తారా, ఆ పూట మీకు ఇంకో పెళ్లి ఉందా?"

ఎవరినీ పిలవకముందే ఒక కాగితం తీసుకొని పెళ్లి గంటలను వరుసగా రాసుకోవడం మంచిది. ఎదుర్కోలు ఎప్పుడు, గౌరీపూజ ఎప్పుడు, జీలకర్ర-బెల్లం ఏ నిమిషానికి, మాంగల్యధారణ, తలంబ్రాలు, అప్పగింతలు ఎప్పుడు, రిసెప్షన్ ఏ రోజు, బరాత్ ఉందా లేదా అన్నవి రాసుకొని, ప్రతి దానికీ ఎదురుగా అప్పుడు వినిపించవలసిన శబ్దం ఏమిటో రాయాలి. కొన్నిచోట్ల మేళం, కొన్నిచోట్ల డీజే, కొన్నిచోట్ల పురోహితుడి గొంతు మాత్రమే ఉండాలి. నేను మా బంధువుల పెళ్లిళ్లకు ఈ పని చూస్తున్నప్పటి నుంచి గమనించింది ఏమిటంటే, గొడవలన్నీ ఒకే గంటను ఇద్దరికి ఇవ్వడం వల్ల వస్తున్నాయి. ఈ కాగితం నకళ్లు పురోహితుడికీ, మేళం పెద్దకూ, డీజేకూ, వీడియోగ్రాఫరుకూ ఇస్తే సగం పని అయినట్టే.

మేళం విషయంలో ఖర్చు తగ్గించుకోవద్దని నా మనవి. ఒక సన్నాయి, ఒక డోలు, తాళం, శ్రుతి పెట్టె ఉంటే పని జరుగుతుంది గానీ, రెండు సన్నాయిలు, రెండు డోళ్లు ఉంటేనే పందిరి నిండుతుంది. ఒకరు ఊపిరి తీసుకునేటప్పుడు మరొకరు అందుకుంటారు కాబట్టి నాదం తెగదు. ఒంగోలు దగ్గరి కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా వంటి మహా విద్వాంసుణ్ని ఇచ్చిన వాద్యం ఇది. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల నుంచి నేటికీ విద్వాంసులు హైదరాబాద్ పెళ్లిళ్లకు బస్సుల్లో, రైళ్లలో వస్తారు. వారిని కుదుర్చుకునేటప్పుడు సినిమా పాటలు ఎన్ని వాయిస్తారని అడిగే ముందు, ఏదైనా ఒక రాగం రెండు నిమిషాలు వినిపించమని కోరండి. ఆనందభైరవి గానీ కల్యాణి గానీ నిదానంగా పలికించగలిగినవారు పాటలూ బాగానే వాయిస్తారు. మైకు ఇవ్వాలా వద్దా అన్నది హాలును బట్టి చూసుకోవాలి. నాలుగు గోడలున్న హాలులో సన్నాయికీ డోలుకూ మైకు అక్కర్లేదు. ఆ వాద్యాలు పుట్టింది ఆలయ ప్రాకారాల్లోనూ ఊరేగింపుల్లోనూ వినిపించడానికే.

గట్టిమేళం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. జీలకర్ర-బెల్లం పెట్టే క్షణంలోనూ, మాంగల్యధారణ సమయంలోనూ వాద్యాలన్నీ ఒక్కసారిగా ఉధృతంగా మోగాలి. తుమ్ము గానీ అపశబ్దం గానీ వధూవరుల చెవిన పడకూడదని పెద్దలు పెట్టిన కట్టుబాటు అది. పురోహితుడు మంత్రం ముగిస్తూ చెయ్యి పైకెత్తి వేళ్లు ఆడిస్తాడు. అప్పటిదాకా తగ్గుస్థాయిలో నడుస్తున్న డోలు విద్వాంసుడి కుడిచేతి వేళ్ల తొడుగులు ఆ సైగ కోసమే కాచుకొని ఉన్నట్టు చర్మం మీద విరుచుకుపడతాయి, ఎడమచేతి పుల్ల వేగం అందుకుంటుంది. మా అక్క కూతురి పెళ్లిలో ఆ సైగ డోలు వారికి కనిపించలేదు. వీడియో వారు మండపం ముందు ఎత్తైన చెక్క వేదిక వేసుకున్నారు, మేళం వారిని దాని వెనక కూర్చోబెట్టారు. వాళ్లు మెడలు సాచి చూస్తుండగానే యాంకరు మాట అందుకొని డీజే ఒక సినిమా పాట పెట్టేశాడు. డోలు మొదలయ్యేసరికి అడ్డుతెర దిగిపోయింది. ఆ పెళ్లి వీడియోలో ఆ క్షణాన గట్టిమేళం లేదు. ఇప్పటికీ మా అక్క ఆ భాగం వచ్చేసరికి లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది.

ఆ తరువాత మేము రెండు నియమాలు పెట్టుకున్నాం. మేళం వారి ఆసనం నుంచి పురోహితుడి చెయ్యి కనబడాలి. అది ముందురోజు సాయంత్రం ఎవరో ఒకరు అక్కడ కూర్చొని చూసి నిర్ధారించాలి. ఇక ముహూర్తానికి పావుగంట ముందు నుంచి తలంబ్రాల వరకు డీజే మిక్సర్ మీద పాటల ఫేడర్ (శబ్దం పెంచి తగ్గించే మీట) పూర్తిగా కిందికి దించి ఉండాలి, పురోహితుడి కాలర్ మైకు ఒక్కటే తెరిచి ఉండాలి. ఇంటివారిలో మొహమాటం లేని ఒక మేనమామనో బావగారినో అంతసేపూ మిక్సర్ పక్కన నిలబెట్టాలి. తలంబ్రాలు మొదలయ్యాక హుషారు పాటలు ఎన్నైనా పెట్టుకోవచ్చు, అక్కడ అవి అందంగానే ఉంటాయి.

డీజేతో మాట్లాడేటప్పుడు ఎన్ని బాక్సులు, ఎన్ని లైట్లు అన్న లెక్కతోనే సంభాషణ ముగిసిపోతుంది. దానికంటే హాలు కొలతలు చెప్పి, ఎంతమంది వస్తారో చెప్పి, బేస్ బాక్సులు ఎక్కడ పెడతారో అడగాలి. తెరిచిన స్థలంలో దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. అందువల్ల వేదిక దగ్గర రెండే పెద్ద బాక్సులు పెట్టి చివరి వరుసకు వినపడాలని చూస్తే ముందు వరుసలో కూర్చున్న తాతయ్యలు, నానమ్మలు చెవులు మూసుకోవలసి వస్తుంది. హాలు పొడవునా చిన్న బాక్సులు నాలుగైదు పెట్టి తక్కువ స్థాయిలో వినిపిస్తే అందరికీ సమంగా ఉంటుంది. 100 డెసిబెల్స్ శబ్దంలో పావుగంటకు మించి ఉండటం వినికిడికి మంచిది కాదని నిపుణులు చెబుతారు. పసిపిల్లలను బాక్సుల ముందు ఆడనివ్వకుండా కుర్చీలు అడ్డు పెట్టించండి. రిసెప్షన్‌లో భోజనాల సమయానికి ఒక చిన్న పరీక్ష ఉంది: పక్కపక్కన కూర్చున్న ఇద్దరు గొంతు పెంచకుండా మాట్లాడుకోగలగాలి. ఏళ్ల తరువాత కలుసుకున్న బంధువులు ఒకరి చెవిలో ఒకరు అరుచుకోవలసి రావడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

లైవ్ బ్యాండ్ కావాలనుకునేవారు ఒక సంగతి సూటిగా తేల్చుకోవాలి. గాయకులు ఇద్దరు, కీబోర్డు, గిటారు, రిథమ్ ప్యాడ్ అని చెప్పి, తీరా చూస్తే ముందే రికార్డు చేసిన ట్రాక్ మీద పాడించి వాద్యాలను చేతిలో పట్టుకున్న బృందాలు ఉన్నాయి. ఎడిట్ చేసిన రీల్స్ చూసి నిర్ణయించకుండా, ఏదో ఒక హాలులో ప్రేక్షకుల మధ్య నుంచి ఫోనులో తీసిన పూర్తి పాట వీడియో అడగండి. మీ పాటల జాబితా కనీసం పది రోజుల ముందు ఇవ్వాలి. వద్దనుకునే పాటల జాబితా కూడా ఇవ్వాలి, అది మరీ ముఖ్యం. వియ్యంకులు కోనసీమ వారైతే ఒక రుచి, కరీంనగర్ వారైతే జానపదాల మీద మక్కువ, మార్వాడీ కుటుంబమైతే హిందీ పాటలు. రెండు వైపుల వారినీ కూర్చోబెట్టి జాబితా రాస్తే ఎవరికీ చిన్నతనం ఉండదు. నెమ్మదైన రిసెప్షన్‌కు వీణ, వేణువు, వయొలిన్, మృదంగం చాలు. వాటికి మాత్రం మంచి మైకులు తప్పనిసరి.

కరెంటు సంగతి డీజే, హాలు మేనేజరు ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. సౌండుకు ఏసీలతోనూ అలంకరణ లైట్లతోనూ కలవని వేరే లైను, సరైన ఎర్తింగు ఉన్నాయా అని ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి అడగాలి. కరెంటు పోయి జనరేటరు అందుకోవడానికి పట్టే కొన్ని సెకన్లలో డిజిటల్ మిక్సర్ ఆగిపోతే, మళ్లీ మొదలయ్యేసరికి కొంతసేపు గడుస్తుంది. మిక్సర్‌కూ ల్యాప్‌టాప్‌కూ చిన్న యూపీఎస్ పెట్టమని ఒప్పందంలోనే రాయించండి.

చట్టం గురించి తెలుసుకోవలసింది కొంత ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడ్‌స్పీకర్లకు ముందుగా రాతపూర్వక అనుమతి కావాలి. రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు మూసి ఉన్న హాళ్లలో లోపలికి వినిపించడానికి తప్ప వాటిని వాడకూడదు. 2010 సవరణతో ఈ నిబంధన వాద్యాలకూ వర్తిస్తుంది కాబట్టి డోలు, సన్నాయి కూడా దాని పరిధిలోకే వస్తాయి. మన ముహూర్తాలు చాలాసార్లు రాత్రి పదకొండుకో, తెల్లవారుజామున రెండున్నరకో పడతాయి. అందువల్ల రాత్రి ముహూర్తం ఉన్నవారు తెరిచిన లాన్ కాకుండా మూసి ఉండే హాలు తీసుకోవడమే క్షేమం. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్, వాణిజ్య ప్రాంతాల్లో 65, 55 డెసిబెల్స్ ప్రమాణాలుగా నిర్ణయించారు. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రభుత్వం ప్రకటించవచ్చు. హాలు బుక్ చేసేటప్పుడే ఆ దూరం నడిచి చూసుకోండి.

రికార్డు పాటలకు లైసెన్సు రుసుము కట్టాలని కొన్ని హాళ్లు అడుగుతుంటాయి. 1957 కాపీరైట్ చట్టంలోని సెక్షన్ 52 పెళ్లి ఊరేగింపునూ, పెళ్లికి సంబంధించిన ఇతర వేడుకలనూ మినహాయింపులో చేర్చింది. కేంద్ర ప్రభుత్వ పరిశ్రమల, అంతర్గత వాణిజ్య ప్రోత్సాహక శాఖ (డీపీఐఐటీ) 2023 జులైలో ఇచ్చిన బహిరంగ ప్రకటన కూడా అదే చెప్పింది. ఆ ప్రకటన ప్రతి దగ్గర ఉంచుకొని మర్యాదగా చూపించవచ్చు.

బరాత్‌కు వస్తే, ఇది హైదరాబాద్ గనుక మర్ఫాను మరచిపోవద్దు. నిజాం కొలువుకు వచ్చిన అరబ్బుల, సిద్దీల (ఆఫ్రికా మూలాల వారి) సంతతివారు నిలబెట్టిన డప్పుల వాద్యం అది. తీన్మార్ దరువుకు మూలం అక్కడే ఉందని అంటారు. పది మంది మర్ఫా వాయిస్తుంటే వీధిలో కలిగే ఉత్సాహం, వాహనం మీద పేర్చిన బాక్సులు ఇవ్వలేవు. డీజే వాహనమే కావాలనుకుంటే దారిలో వేలాడే తీగల ఎత్తు ముందే చూసుకోవాలి. వెళ్లే దారి, మొదలయ్యే వేళ, ముగిసే వేళ రాసి స్థానిక పోలీస్ స్టేషన్‌లో ఇచ్చి అనుమతి తీసుకోవాలి. మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నగర పోలీసులు 2024 అక్టోబరులో నిషేధించారు. పెళ్లి ఊరేగింపు వేరే అయినా, అనుమతి పత్రం చేతిలో లేకుండా బయలుదేరవద్దు. వరుడు గుర్రం ఎక్కేటట్లయితే బేస్ బాక్సులు గుర్రానికి దూరంగా ఉండాలి. బేస్ అదురుకు గుర్రం చెవులు వెనక్కి వాలడం కనిపించగానే శబ్దం తగ్గించమని చెప్పే బాధ్యత ఒకరికి అప్పగించండి.

ఒప్పందం ఒక్క పేజీ అయినా చాలు. వచ్చేవారి పేర్లు, సామగ్రి, చేరే వేళ, సౌండ్ చెక్ వేళ, ముహూర్తం ఆలస్యమైతే అదనపు గంటకు ఎంత, వాయిదా పడితే అడ్వాన్సు సంగతి ఏమిటి అన్నవి అందులో ఉండాలి. కళాకారులకు విడిగా ఒక గది, వేళకు భోజనం చూడాలి. సన్నాయి ఊదేవారు వాయించబోయే ముందు నిండుగా తినలేరు కాబట్టి వారిని ముహూర్తం అయ్యాక పిలిచి వడ్డించాలి. సంభావన తాంబూలంలో పెట్టి పెద్దవారి చేతుల మీదుగా ఇవ్వాలి, మిగిలిన బాకీ కోసం వారిని పెళ్లివారి వెంట తిప్పుకోకూడదు.

అప్పగింతలకు మేళం వారిని ఉంచుకోవాలని, పెళ్లి గంటలు రాసుకున్న కాగితంలో చివరి పంక్తిగా రాయండి. సాధారణంగా ఆ వేళకు డీజే కుర్రాళ్లు కేబుళ్లు చుడుతూ, ఇనుప స్టాండ్లు ఒకదాని మీద ఒకటి వేస్తూ ఉంటారు. కూతురి చేతులు పాలలో ముంచి అత్తగారి చేతుల్లో పెట్టే సమయానికి ఆ చప్పుడు హాలంతా వినిపిస్తుంది. కారు కదిలేదాకా సామాను ముట్టుకోవద్దని ముందే చెప్పి, అరగంట అదనపు డబ్బు ఇచ్చి వారిని కుర్చీల్లో కూర్చోబెట్టండి. ఒక్క సన్నాయిని, డోలు లేకుండా, తగ్గుస్థాయిలో వాయించమని అడగండి.