బడి తెరిచే ముందు మూయవలసిన లింకులు

గత జూన్‌లో మా పక్క మండలంలో, ఎనిమిదో తరగతి చదివే ఒక పిల్లవాడి తల్లికి ఫోను వచ్చింది. అవతలి వ్యక్తి ఆమెను పేరుతో పలకరించి, కొడుకు పేరు, సెక్షను, రోల్ నంబరు, ఆమె బ్యాంకు శాఖ, ఆధార్‌లోని చివరి నాలుగు అంకెలు వరుసగా చదివి వినిపించాడు. బ్యాంకు ఖాతాకు ఆధార్‌ను జోడించే ఎన్‌పీసీఐ లింకు సరిగా లేక, బడి పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే ‘తల్లికి వందనం’ డబ్బు వెనక్కి వెళ్లిందని, తాను ఇప్పుడే సరిచేస్తానని చెప్పి ఓటీపీ అడిగాడు. బడి వాళ్లకు తప్ప ఇంకెవరికీ తెలియని సంగతులు చెబుతున్నాడు కాబట్టి బడి నుంచే మాట్లాడుతున్నాడని ఆమె నమ్మింది. కూలి చేసి కూడబెట్టుకున్న 18,000 రూపాయలు ఆ పూటే పోయాయి.

ఆ వివరాలను ఎవరూ ఏ కంప్యూటరులోకీ చొరబడి దొంగిలించలేదు. ఎవరి వివరాలు వారే సరిచూసుకుంటారన్న మంచి ఉద్దేశంతో తరగతి ఉపాధ్యాయిని పిల్లల వివరాలున్న గూగుల్ షీటు లింకును తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. షీటు ‘ఎనీవన్ విత్ ద లింక్’ అన్న అమరికలో, అంటే లింకు ఉన్న ఎవరికైనా తెరుచుకునేలా ఉంది. లింకు ఆ గ్రూపులోంచి ఊరి గ్రూపులోకి, అక్కడి నుంచి ఇంకెక్కడికో వెళ్లింది. ఆవిడను నేనెరుగుదును, రాత్రి పదింటి వరకు కూర్చుని పిల్లల వివరాలు ఒక్కొక్కటిగా సరిచేసే మనిషి. ఇలాంటి తప్పులు ఎక్కువగా జరిగేది అలా కష్టపడి, తొందరగా పని ముగించాలనుకునే వారి చేతుల మీదుగానే అని చెప్పడానికే ఈ మాట రాస్తున్నాను.

గట్టి పాస్‌వర్డు పెట్టుకోమనీ, ఓటీపీ ఎవరికీ చెప్పవద్దనీ మనం ఇప్పటికే వంద సార్లు విన్నాం కాబట్టి వాటి జోలికి పోను. తోటి ఉపాధ్యాయులకు కంప్యూటర్ శిక్షణ ఇస్తూ వచ్చిన ఇన్నేళ్లలో, ఇతరులకు నష్టం తెచ్చిపెట్టగా నేను కళ్లారా చూసిన తప్పు ఒక్కటే: తెరిచి వదిలేసిన లింకు. ఈ తప్పు మనలాంటి వాళ్లే చేస్తారనుకోవద్దు. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ బోధనా వేదిక ‘దీక్షా’కు చెందిన ఒక క్లౌడ్ సర్వరు రక్షణ లేకుండా ఏడాదికి పైగా తెరిచే ఉందని 2023 జనవరిలో బయటపడింది. పది లక్షలకు పైగా ఉపాధ్యాయుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఈమెయిల్ చిరునామాలు, దాదాపు ఆరు లక్షల మంది విద్యార్థుల సమాచారం అందులో ఉన్నాయి. జరిగింది మన షీటుకు జరిగినదే, కాకపోతే చాలా పెద్ద ఎత్తున.

ఒకసారి బయటికి పోయిన వివరాలు తిరిగి రావన్న సంగతికి అమెరికాలోని పవర్‌స్కూల్ ఉదంతం నిదర్శనం. బడుల రికార్డులను నిర్వహించే ఆ సంస్థ నుంచి 2024 డిసెంబరులో, దొంగిలించిన ఒక్క లాగిన్ సాయంతో, కోట్లాది మంది విద్యార్థుల, ఉపాధ్యాయుల వివరాలు తీసుకుపోయారు. సంస్థ డబ్బు చెల్లించింది. సమాచారం చెరిపేశామని దొంగలు వీడియో కూడా చూపించారు. అయినా 2025 మే నెలలో అవే వివరాలతో బడులకు మళ్లీ బెదిరింపులు వచ్చాయి. ‘డిలీట్ ఫర్ ఎవ్రీవన్’ నొక్కి ఊపిరి పీల్చుకునే మిత్రులు ఈ సంగతిని గుర్తుంచుకోవాలి.

లింకు తెరిచి ఉందో లేదో తెలుసుకోవడం ఎలా?

గూగుల్ డ్రైవ్‌లో ఫైలుకు ఉన్న ‘షేర్’ నొక్కితే అడుగున ‘జనరల్ యాక్సెస్’ అనే వరుస కనిపిస్తుంది. అక్కడ ‘రిస్ట్రిక్టెడ్’ అని ఉంటే మీరు పేరు పేరునా చేర్చిన వారికి మాత్రమే ఫైలు తెరుచుకుంటుంది. ‘ఎనీవన్ విత్ ద లింక్’ అని ఉంటే లింకు ఎవరి చేతిలో పడితే వారికి తెరుచుకుంటుంది. దీన్ని కంటితో చూసి సరిపెట్టుకోకండి. లింకును కాపీ చేసి, బ్రౌజరులో ‘ఇన్‌కాగ్నిటో’ విండో తెరిచి, ఏ ఖాతాతోనూ లాగిన్ కాకుండా అందులో అతికించి చూడండి. అక్కడ ఫైలు కనిపించిందంటే లోకానికంతటికీ కనిపిస్తున్నట్లే. అర నిమిషం పట్టే ఈ పరీక్ష చేయకుండా పిల్లల పేర్లున్న ఏ లింకునూ ఎవరికీ పంపకండి.

దీనికి తోడు మరికొన్ని మరుగు చోట్లున్నాయి. షీటులో ఆధార్ నిలువు వరుసను ‘హైడ్’ చేశాం కదా అనుకుంటారు. చూసే అనుమతి ఉన్నవారు సైతం ఆ షీటుకు నకలు తీసుకుని దాచిన వరుసను మళ్లీ బయటికి తీయగలరు. వరుసను పూర్తిగా తొలగించినా, మార్చే అనుమతి ఉన్నవారు ‘వెర్షన్ హిస్టరీ’లో పాత రూపాన్ని చూడగలరు. గూగుల్ ఫారంలో జవాబుల సారాంశం చూపించే అమరికను తెలియక నొక్కితే, ఫారం నింపిన ప్రతి తల్లికీ మిగిలిన తల్లులు రాసిన జవాబులు కనిపిస్తాయి. పీడీఎఫ్‌లో నంబరు మీద నల్లటి గడి పెడితే కంటికి కనబడదే గాని, అడుగున ఉన్న అంకెలను చాలాసార్లు కాపీ చేసుకోవచ్చు. కాబట్టి బయటికి పంపవలసిన ఫైలును వేరుగా, కొత్తగా, అవసరమైన వరుసలతో మాత్రమే తయారుచేయండి.

తల్లుల చేత వివరాలు సరిచూపించడానికి లింకే అక్కర్లేదు. ఒక్కో బిడ్డ వరుసను ఒక్కో చీటీపై ముద్రించి, తల్లిదండ్రుల సమావేశం రోజున ఎవరిది వారికే ఇచ్చి, సంతకం పెట్టించుకుని తిరిగి తీసుకుంటే సరిపోతుంది. నలభై మంది పిల్లలున్న తరగతికి ఇది ఒక పూట పని. బడుల, విద్యార్థుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్ యూడైస్ ప్లస్‌లో చేర్చవలసిన వివరాలను నేరుగా అందులోనే చేర్చండి. మధ్యలో మన సొంత షీటు ఒకటి పుట్టించడం వల్లనే ఈ బాధలన్నీ. ఆధార్ ప్రతి తప్పనిసరిగా అవసరమైన చోట, ఒప్పుకుంటే, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ తీసుకోండి. పని పూర్తయ్యాక ఫోను గ్యాలరీలో మిగిలిన ఆధార్ ఫొటోలను, చెత్తబుట్టలో మిగిలిన వాటితో సహా, తీసివేయండి.

గ్రూపులు, ఫొటోలు

తల్లిదండ్రుల గ్రూపులో ఒకరి నంబరు మిగిలిన అందరికీ కనిపిస్తుంది. ఒంటరిగా పిల్లల్ని పెంచుకుంటున్న తల్లులు, భర్త నుంచి దూరంగా తలదాచుకుంటున్న తల్లులు ప్రతి బడిలోనూ ఉంటారు. వారికి ఇది చిన్న విషయం కాదు. నంబర్లు ఒకరికొకరికి కనబడని బ్రాడ్‌కాస్ట్ జాబితా వాడడం మేలు, అయితే మీ నంబరును తమ ఫోనులో దాచుకున్న వారికే ఆ సందేశాలు అందుతాయి. గ్రూపే నడపాలనుకుంటే సందేశాలు పంపే హక్కును అడ్మిన్లకే పరిమితం చేయండి, చేరిక లింకును ఎక్కడా అతికించకండి, ఏడాది చివర గ్రూపును మూసివేయండి.

బడి ఫొటోల విషయంలో నా అభిప్రాయం కొందరికి కఠినంగా అనిపించవచ్చు. బహిరంగ పేజీల్లో పిల్లల ముఖాలు దగ్గరగా కనిపించే ఫొటోలు పెట్టనే కూడదు. ఒక్క ముఖచిత్రం దొరికితే అశ్లీల చిత్రం తయారుచేసి ఇచ్చే యాప్‌లు ఇప్పుడు ఎవరి ఫోనుకైనా అందుబాటులో ఉన్నాయి. పిల్లలు చేసిన ప్రాజెక్టులను, చేతులను, వెనుక నుంచి తరగతిని చూపితే బడి పని ఎంత బాగా జరుగుతోందో లోకానికి తెలియకపోదు. 2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లు నిండని వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వారి సమాచారం వాడడానికి తల్లిదండ్రుల సమ్మతి కోరుతుంది. పదో తరగతి పిల్లలు పెద్దవాళ్లే కదా అన్న మాట ఇక్కడ చెల్లదు.

తరగతి గదిలో

ఐఎఫ్‌పీ (తరగతి గదిలోని పెద్ద టచ్ స్క్రీన్) తెరపై మీ సొంత గూగుల్ ఖాతాతో లాగిన్ అయి, గంట కొట్టగానే వెళ్లిపోతే, తరువాతి గంటలో ఏ పిల్లవాడైనా మీ డ్రైవ్ తెరవగలడు. అందులో ఆ తెరిచి వదిలేసిన లింకులన్నీ ఉంటాయి. పాఠాల కోసం వేరే ఖాతా ఒకటి పెట్టుకోండి. అందులో పిల్లల వివరాలు ఏవీ ఉంచకండి.

ప్రధానోపాధ్యాయుల గదిలోని కంప్యూటరులో వాట్సాప్ వెబ్ తెరిచి వదిలేయకండి. ఇప్పుడే ఫోనులో ‘లింక్‌డ్ డివైసెస్’ చూసి, గుర్తుపట్టని వాటిని తొలగించండి.

వాట్సాప్‌లో ఆరు అంకెల టూ స్టెప్ వెరిఫికేషన్ ఈ రోజే పెట్టండి. మీ ఖాతా పోతే, ‘టీచర్‌గారు అడుగుతున్నారు’ అంటూ డబ్బు పంపేది పిల్లల తల్లిదండ్రులే.

బదిలీల జాబితా అన్నా, డీఏ బకాయిలు అన్నా, పెళ్లి పిలుపు అన్నా, ఫోనులోకి యాప్‌ను ఎక్కించే ఏపీకే ఫైలు వస్తే తెరవకండి.

ప్రోగ్రెస్ కార్డులపై వ్యాఖ్యలు రాయించుకోవడానికి చాట్‌బాట్‌లో పిల్లల పేర్లు, మార్కులు, జబ్బులు, ఇంటి గొడవలు అతికించకండి. పేరు తీసేసి అడగండి. లేదా మీరే రాయండి.

కొత్త యాప్ వాడమని ఎవరు చెప్పినా, అది పిల్లల ఫోను నంబరు ఎందుకు అడుగుతోందో ముందు అడగండి. జవాబు రాకపోతే వాడకండి.

రాత్రిపూట ఏ విద్యార్థితోనూ విడిగా చాట్ చేయకండి. విద్యార్థినితో అసలే వద్దు. చెప్పవలసింది గ్రూపులో చెప్పండి.

ఒక పిల్ల తన ఫొటోను ఎవరో మార్చి పంపుతున్నారని చెబితే, ‘ఏదీ చూపించు’ అని మీ ఫోనులోకి తెప్పించుకోకండి, సాక్ష్యం కోసమైనా ఎవరికీ పంపకండి. అలాంటి చిత్రాలను సేకరించడం, దిగుమతి చేసుకోవడం ఐటీ చట్టం 67బి సెక్షను కింద నేరం. పిల్ల ఫోనును ఉన్నదున్నట్లు ఉంచి పోలీసులకు తెలియజేయండి. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం ప్రకారం తెలిసి కూడా చెప్పకపోవడం శిక్షార్హం. పిల్లల సహాయవాణి 1098. ఆ పిల్లను తిట్టవద్దు. ‘ఫోను ఎందుకు వాడావు’ అని మొదటి మాటగా అడగవద్దు. స్టాఫ్ రూంలో ఆమె పేరు ఎత్తవద్దు.

పాత షీట్లు మూయండి. నిరుటివి, అంతకు ముందటివి, బదిలీకి ముందు పనిచేసిన పాత బడిలోవి. డ్రైవ్‌లో ఒక్కొక్కటి తెరిచి, ఇన్‌కాగ్నిటో పరీక్ష చేసి, ‘రిస్ట్రిక్టెడ్’ చేయండి. బడి తెరిచే లోపు.

ఒకవేళ లింకు ఇప్పటికే బయటికి వెళ్లిపోయి ఉంటే, ముందు దాన్ని మూసి, వెంటనే ప్రధానోపాధ్యాయులకు రాతపూర్వకంగా తెలియజేయండి. ఎవరి డబ్బైనా పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయించండి. డబ్బు ఖాతాలు మారిపోకముందే ఫిర్యాదు అందితే ఆపించే వీలుంటుంది. అన్నిటికంటే ముఖ్యంగా, అదే రోజు ప్రతి తల్లికీ మీరే స్వయంగా ఫోను చేసి, ‘మీ వివరాలు నా పొరపాటు వల్ల బయటికి వెళ్లాయి, బడి పేరు చెప్పి ఎవరైనా ఓటీపీ అడిగితే చెప్పవద్దు’ అని చెప్పండి. మొదట చెప్పిన ఆ ఉపాధ్యాయిని తన లింకు తెరిచి ఉందని, దాన్ని గ్రూపులో పెట్టిన సాయంత్రమే గమనించి, సిగ్గుతో ఎవరికీ చెప్పకుండా మూసేశారు. ఆ తల్లికి ఫోను వచ్చింది నాలుగు రోజుల తరువాత.