మంచం మీంచి వీల్‌చెయిర్‌లోకి మార్చే ముందు

ఫిజికల్ థెరపిస్ట్ అసిస్టెంట్ కోర్సులో క్లినికల్స్ (రోగులతో చేసే ప్రాక్టికల్ శిక్షణ) మొదలైన వాళ్లకి ఇవి:

- ముందు థెరపిస్ట్ రాసిన ప్లాన్ చదవండి. ఆపరేషన్ అయిన కాలి మీద ఎంత బరువు మోపవచ్చో అందులోనే ఉంటుంది.
- కుర్చీ రోగికి బలం ఉన్న వైపు, మంచానికి కాస్త ఏటవాలుగా ఉండాలి. రెండు బ్రేకులూ వేసి, ఒకసారి తోసి చూడండి. ఫుట్‌రెస్టులు పక్కకి తిప్పేయండి (టెన్షన్‌లో మరిచిపోయేది ఇదే).
- జారని చెప్పులు.
- గెయిట్ బెల్ట్ (రోగిని పట్టుకోడానికి నడుముకి కట్టే పట్టీ) బట్టల మీంచే కట్టండి, దాని కింద వేళ్లు దూరాలి. పొట్టకి ఈమధ్యే ఆపరేషన్ అయితే థెరపిస్టును అడగకుండా కట్టొద్దు.
- లేపగానే నిలబెట్టకండి. మంచం అంచున ఒకటి రెండు నిమిషాలు కూర్చోబెట్టి ముఖం చూడండి. పాలిపోయినా, చెమట పట్టినా, కళ్లు తిరుగుతున్నాయన్నా మళ్లీ పడుకోబెట్టి థెరపిస్టును పిలవండి.
- మీ మెడ పట్టుకోనివ్వకండి. పక్షవాతం వచ్చిన చెయ్యి పట్టి లాగితే భుజం కీలు జారొచ్చు.