లైకెన్లు నేర్చుకుందాం – 4: పేరు మారితే పటం మారుతుందా?

గత పాఠంలో చల్లని సముద్రాల రాతి తీరాల్లో మూడు పట్టీలు చూశాం: అలలకు దగ్గరగా నలుపు, దాని పైన నారింజ, ఇంకా పైన బూడిద రంగు. ఈసారి నల్ల పట్టీ సంగతి. దూరం నుంచి రాళ్లకు తారు అంటినట్టు కనిపించే ఆ నలుపు చాలాచోట్ల ఒక లైకెన్‌దే (లైకెన్ అంటే శిలీంధ్రం, శైవలం కలిసి బతికే జీవి). పేరు హైడ్రోపంక్టేరియా మౌరా.

పూర్తి పేరు ఇలా ఉంటుంది: హైడ్రోపంక్టేరియా మౌరా (వాలెన్‌బర్గ్) కెల్లర్, గేడాన్, థ్యూస్. బ్రాకెట్లో ఉన్నది ఆ జాతిని మొదట వర్ణించిన వ్యక్తి. 1803లో వాలెన్‌బర్గ్ దీన్ని వెరుకేరియా ప్రజాతిలో చేర్చాడు. బయట ఉన్న ముగ్గురు 2009లో దాన్ని కొత్త ప్రజాతికి మార్చారు. వెరుకేరియా అనుకున్నవన్నీ ఒకే వంశానివి కావని డీఎన్‌ఏ చూపించింది మరి. దీనివల్ల విస్తరణ పటంలో, అంటే జాతి ఎక్కడెక్కడ దొరికిందో చుక్కలతో చూపే పటంలో, ఒక్క చుక్క కూడా కదలదు. లైకెన్ అదే, ఇల్లు మారిందంతే. పాత వెరుకేరియా మౌరా నమోదులను కొత్త పేరు కిందికి తెచ్చుకోవచ్చు.

జాతి చీలినప్పుడు మాత్రం అలా కుదరదు. 2012లో లైకెన్ శాస్త్రవేత్త ఆలన్ ఆరెంజ్ వాయవ్య యూరప్ తీరాల నమూనాలను పరిశీలించి, మౌరాకు బాగా దగ్గరి పోలికలున్న కొత్త జాతులను వర్ణించాడు: అరాక్టినా, ఓషియానికా, ఓరే. రాతి మీద చూసి వీటిని విడదీయడం చాలా కష్టం. అంటే అంతకుముందు ఎవరైనా "మౌరా" అని రాసుకున్నది వీటిలో ఏదైనా కావచ్చు. ఈ విషయం పట్టించుకోకుండా గీసిన విస్తరణ పటాన్ని నేను నమ్మను.

ఇప్పుడు అభ్యాసం. కింది నాలుగు ఊహాత్మక నమోదులను పటం మీద పెట్టండి. నమ్మకమైనదానికి నిండు చుక్క, మిగతావాటికి ఖాళీ సున్నా.

1970: వెరుకేరియా మౌరా, జాబితాలో పేరు మాత్రమే.
1985: అదే పేరు, నమూనా హెర్బేరియంలో (ఎండబెట్టిన నమూనాలు దాచే చోట) ఉంది.
2016: హైడ్రోపంక్టేరియా మౌరా, ఫోటో మాత్రమే.
2018: అదే పేరు, నమూనా ఉంది, డీఎన్‌ఏ కూడా సరిచూశారు.

నిండు చుక్క చివరిదానికే. మొదటిది ఎప్పటికీ ఖాళీ సున్నాగానే ఉండిపోతుంది, ఎందుకంటే తిరిగి చూడటానికి ఏమీ మిగల్లేదు. రెండోది ఇప్పటికి సున్నానే, కానీ పక్కన ఒక గుర్తు పెట్టండి. నమూనాను మళ్లీ పరీక్షిస్తే అది నిండు చుక్క కావచ్చు. ఎక్కువమంది తడబడేది మూడోదాని దగ్గర. కొత్త పేరు రాసినంత మాత్రాన కొత్తగా పరీక్షించినట్టు కాదు, కాబట్టి దానికీ సున్నానే.

వచ్చే పాఠంలో నారింజ పట్టీ.