జిమ్ దుస్తులను రోజువారీ దుస్తులుగా వేసుకోవడం: ఎక్కడ, ఎలా, ఎంతవరకు

వ్యాయామం కోసం కొన్న ట్రాక్ ప్యాంటుతో రైతుబజారుకు వెళ్లడం మర్యాదేనా, లెగ్గింగ్స్‌తో పిల్లలను బడి దగ్గర దించి రావచ్చా, చీలమండల దగ్గర సాగే పట్టీ ఉండే ప్యాంట్లయిన జాగర్స్‌తో ఆఫీసుకు వెళితే ఎవరైనా ఏమైనా అనుకుంటారా అన్న సందేహాలు ఇప్పుడు చాలా ఇళ్లలో వినిపిస్తున్నాయి. వేసుకోవచ్చు అన్నదే నా సమాధానం. అయితే అందుకు మూడు షరతులున్నాయి. ఆ రోజు ఆ దుస్తుల్లో చెమట పట్టి ఉండకూడదు. వంగినా, కూర్చున్నా, మెట్లెక్కినా అవి ఒంటిని సరిగ్గా కప్పి ఉంచాలి. వెళ్లే చోట వస్త్రధారణ గురించి ఒక నియమం ఉంటే దాన్ని పాటించాలి. ఈ మూడింటిలో జనం ఎక్కువగా వాదించుకునేది రెండో షరతు గురించే అయినా, అసలు జాగ్రత్త పడవలసింది మొదటిదాని విషయంలో.

ఆటస్థలంలో పుట్టిన దుస్తులు వీధిలోకి రావడం కొత్త సంగతి కాదు. కాలరున్న పొట్టిచేతుల టీ షర్టును ఫ్రెంచి టెన్నిస్ క్రీడాకారుడు రెనే లకోస్ట్ 1926లో కోర్టులో ఆడటానికి వేసుకున్నారు. ఇవాళ దాన్ని ఆఫీసుకు వేసుకొచ్చినవారిని ఎవరూ వింతగా చూడరు. 1917లో మార్కెట్లోకి వచ్చిన కాన్వర్స్ ఆల్ స్టార్ బూట్లు బాస్కెట్‌బాల్ ఆటగాళ్ల కాళ్లకే పరిమితమై ఉండి, తరవాత కాలేజీ పిల్లల రోజువారీ బూట్లయ్యాయి. మన దగ్గర కూడా కుర్తీ కింద చుడీదారుకు బదులు లెగ్గింగ్స్ వేసుకోవడం ఎప్పటినుంచో ఉన్నదే. కాబట్టి ఫలానా వస్త్రం జిమ్ కోసం తయారైందన్న కారణంతోనే దాన్ని తప్పుపట్టడానికి ఆధారం లేదు.

ఉదయం వేసుకున్నవి సాయంత్రం దాకా వద్దు

జిమ్ దుస్తుల్లో ఎక్కువభాగం పాలిస్టర్‌తో, సాగడానికి కొంత స్పాండెక్స్ కలిపి తయారవుతాయి. మామూలు వాతావరణంలో పత్తినూలు తన బరువులో దాదాపు 8 శాతం తేమను తనలో ఇముడ్చుకుంటే, పాలిస్టర్ పోగు అర శాతం కూడా ఇముడ్చుకోదు. చెమటను పీల్చుకోకుండా గుడ్డ ఉపరితలం మీద పరిచి, గాలికి త్వరగా ఆరిపోయేలా చేయడమే దాని పని. పరుగెత్తేటప్పుడు ఈ గుణం ఎంతో ఉపయోగపడుతుంది. అదే దుస్తులతో రోజంతా కుర్చీలో కూర్చుంటే మాత్రం నీరు ఆరిపోయినా చెమటలోని జిడ్డు పోగులకే అంటుకొని ఉండిపోతుంది. బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో, వ్యాయామం చేసినవారి టీ షర్టులను పోల్చి చూసినప్పుడు పత్తి వాటికన్నా పాలిస్టర్ వాటి వాసనే ఘాటుగా ఉందనీ, వాసనకు కారణమయ్యే మైక్రోకాకస్ జాతి బ్యాక్టీరియా పాలిస్టర్ మీద బాగా పెరుగుతున్నదనీ తేలింది. వేసుకున్న మనిషి ముక్కు ఆ వాసనకు త్వరగా అలవాటు పడిపోతుంది గనుక, తన దగ్గర వాసన రావడం లేదన్న నమ్మకంతోనే ఆయన బస్సెక్కుతాడు, పక్కనున్నవారు ముఖం తిప్పుకుంటారు.

వాసన కన్నా పెద్ద సమస్య చర్మానిది. గజ్జల్లో, తొడల మధ్య, నడుము పట్టీ కింద తడి నిలిచి, గాలి ఆడకపోతే తామర పుట్టడానికి అంతకన్నా అనువైన చోటు ఉండదు. గత కొన్నేళ్లుగా మన దేశంలో తామర మొండిగా మారి, మందులకు ఒక పట్టాన లొంగడం లేదని చర్మవైద్యులు చెబుతున్నారు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన క్రీములు దాన్ని మరింత ముదరబెడుతున్నాయని కూడా హెచ్చరిస్తున్నారు. అందువల్ల వ్యాయామం అయిన వెంటనే, వీలైతే అరగంటలోపే, స్నానం చేసి బట్టలు మార్చుకోవాలి. స్నానానికి అవకాశం లేని రోజున తడిగుడ్డతో తుడుచుకొని, ఒళ్లు పూర్తిగా ఆరాక లోదుస్తులతో సహా అన్నీ మార్చుకోవాలి. జిమ్ సంచిలో ఒక జత పొడి దుస్తులు ఎప్పుడూ ఉంచుకుంటే ఈ పనిని వాయిదా వేయడానికి సాకు దొరకదు.

దీనికి నేను సూచించే పద్ధతి రెండు వరసలుగా సర్దుకోవడం. వ్యాయామానికి వాడేవి ఒక అరలో, బయట తిరగడానికి వాడేవి మరో అరలో పెట్టుకోవాలి. రెండూ ఒకే కంపెనీవి, ఒకే రంగువి అయినా సరే, కలపకూడదు. బూట్లకు కూడా ఈ నియమమే వర్తిస్తుంది. పరుగు బూట్ల అడుగున ఉండే మెత్తటి నురుగు పొర సుమారు 500 నుంచి 800 కిలోమీటర్ల వాడకానికి దెబ్బను తట్టుకునే గుణం కోల్పోతుంది కాబట్టి, వాటితోనే బజారుకూ ఆఫీసుకూ తిరిగితే మోకాళ్లకు రక్షణ కావలసిన వేళకు అవి అరిగిపోయి ఉంటాయి. పైగా చాలా జిమ్‌లు రోడ్డు మీద వాడిన బూట్లను లోపలికి రానివ్వవు.

బయటకు వేసుకునేవాటిని ఎంచుకోవడం

కొనేటప్పుడు లేబుల్ తప్పక చదవండి. పత్తి 95 శాతం, స్పాండెక్స్ 5 శాతం ఉన్న లెగ్గింగ్స్, ట్రాక్ ప్యాంట్లు రోజువారీ వాడకానికి హాయిగా ఉంటాయి. పాలిస్టర్ ఎక్కువున్నవి హైదరాబాదు వంటి పొడి వేడి ఉన్న ఊళ్లలో చెమటను త్వరగా ఆరనిస్తాయి గాని, విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీర పట్టణాల్లో గాలి తేమతో నిండి ఉన్నప్పుడు చెమట ఆరే దారి లేక ఒంటికి అతుక్కుపోతాయి. అక్కడివారు బయట తిరగడానికి వదులుగా ఉన్న పత్తివి ఎంచుకోవడమే మేలు.

గుడ్డ పలచనా కాదా అన్నది షాపులో మడతపెట్టి ఉన్నప్పుడు తెలియదు. లోపల చేయి పెట్టి, వేసుకున్నప్పుడు సాగేంతగా సాగదీసి, వెలుతురుకు ఎదురుగా పట్టుకొని చూడాలి. చేతి రంగు కనబడితే దాన్ని పక్కన పెట్టేయాలి. తరవాత ట్రయల్ రూములో వేసుకొని పూర్తిగా వంగి, గొంతుకూర్చొని, వెనకనుంచి అద్దంలో చూసుకోవాలి. 2013లో కెనడాకు చెందిన లులులెమన్ అనే పేరున్న సంస్థే, గుడ్డ పలచబడి లోపలివి కనబడుతున్నాయన్న కారణంతో తన నల్లటి యోగా ప్యాంట్లను దుకాణాలనుంచి వెనక్కి తీసుకోవలసి వచ్చింది. కాబట్టి ధర ఎక్కువ పెట్టి కొన్నాం గనుక పరీక్షించనక్కరలేదని అనుకోవద్దు.

రంగుల విషయంలో నలుపు, ముదురు నీలం, ముదురు ఆకుపచ్చ, బూడిద వంటివి బయట ఎక్కడైనా ఇముడుతాయి. మెరిసే పసుపు, నారింజ రంగులు తెల్లవారుజామున రోడ్డు మీద పరుగెత్తేవారికి వాహనాలనుంచి రక్షణ ఇస్తాయి గనుక వాటిని ఆ పనికే ఉంచుకోవాలి. ఒంటిమీద జిమ్‌ది ఒక్కటే ఉండి, తక్కినవి మామూలువి అయితే చూడటానికి నిండుగా ఉంటుంది. ట్రాక్ ప్యాంటు మీద కాలరున్న చొక్కా, లెగ్గింగ్స్ మీద తొడల దాకా వచ్చే కుర్తీ, చెమట త్వరగా ఆరే డ్రైఫిట్ టీ షర్టుకు కింద జీన్స్ వేసుకోవచ్చు. మోకాళ్ల దగ్గర ఉబ్బిపోయిన ట్రాక్ ప్యాంటు, ఉండలు కట్టిన టీ షర్టు ఎంత ఖరీదైనవైనా బయటకు పనికిరావు.

వెళ్లే చోటును బట్టి

బజారు, మందుల షాపు, సినిమా హాలు, పార్కు, రైలు ప్రయాణం వంటివాటికి ఏ అభ్యంతరమూ లేదు. రాత్రి రైల్లో ట్రాక్ ప్యాంటును మించిన సౌకర్యమైన దుస్తు ఉందనుకోను. బడి గేటు దగ్గర పిల్లలను దించడానికి సరే. టీచర్లతో మాట్లాడే సమావేశానికి మాత్రం మామూలు దుస్తుల్లో వెళ్లాలి. ఆఫీసు విషయంలో లిఖిత నియమాలు ఏమంటున్నాయో ముందు చూసుకోవాలి. మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల సాఫ్ట్‌వేర్ కార్యాలయాల్లో ముదురు రంగు జాగర్స్ మీద శుభ్రమైన కాలర్ టీ షర్టు చెల్లిపోతున్నా, బయటి క్లయింటు వచ్చే రోజున అది చెల్లకపోవచ్చు. డెస్కు సొరుగులో ఒక ప్యాంటు, ఒక చొక్కా ఉంచుకుంటే ఆ పూటకు ఇబ్బంది ఉండదు.

గుడి దగ్గర చర్చకు తావు లేదు. తిరుమలలో ఆర్జిత సేవలకూ, బ్రేక్ దర్శనానికీ, 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనానికీ మగవారు పంచె, ఉత్తరీయం లేదా కుర్తా, పైజమా; ఆడవారు చీర, లంగా ఓణీ లేదా చున్నీతో చుడీదార్ ధరించాలన్నది దేవస్థానం నియమం. దర్శనం తరవాత కొండ దిగి ఏమి వేసుకున్నా ఎవరూ అడగరు. అలాగే ఎవరింటికైనా పరామర్శకు వెళ్లేటప్పుడు, దారిలోనే ఉంది కదా అని వ్యాయామం నుంచి నేరుగా వెళ్లకూడదు. బాధలో ఉన్నవారి దగ్గరికి బట్టలు మార్చుకునే తీరిక చేసుకొని వెళ్లడం కూడా వారికి ఇచ్చే గౌరవమే.

2017 మార్చిలో అమెరికాలోని యునైటెడ్ ఎయిర్‌లైన్స్ లెగ్గింగ్స్ వేసుకున్న ఇద్దరు బాలికలను విమానం ఎక్కనివ్వలేదన్న వార్త పెద్ద దుమారం లేపింది. వారు ఉద్యోగుల కుటుంబాలకు ఇచ్చే పాసు మీద ప్రయాణిస్తున్నారనీ, ఆ పాసుకు ప్రత్యేక వస్త్ర నియమం ఉందనీ, టిక్కెట్టు కొన్నవారు లెగ్గింగ్స్ వేసుకోవచ్చనీ ఆ సంస్థ వివరణ ఇచ్చింది. ఆ నియమం సబబా కాదా అన్నది వేరే మాట. మనం ఒక సంస్థ తరఫున నిలబడుతున్నామా, మన సొంత పని మీద వెళుతున్నామా అన్న తేడాను గమనించడానికి మాత్రం ఈ ఉదంతం పనికొస్తుంది.

రెండు చోట్ల మర్యాదతో సంబంధం లేకుండా, కేవలం ప్రాణభద్రత దృష్ట్యా జిమ్ దుస్తులు వద్దంటాను. మొదటిది నిప్పు దగ్గర. పాలిస్టర్ సుమారు 250 డిగ్రీల సెల్సియస్ దాటగానే కరిగి చర్మానికి అంటుకుంటుంది, ఆ గాయం మామూలు కాలిన గాయం కన్నా లోతుగా ఉంటుంది. వ్యాయామం చేసి వచ్చి అవే దుస్తులతో గ్యాస్ పొయ్యి ముందు నిలబడటం చాలా ఇళ్లలో రోజూ జరిగేదే. ముందు ఒక నూలు చీరో, కుర్తీనో, లుంగీనో మార్చుకొని వంటింట్లోకి వెళ్లండి. దీపావళి రాత్రి పిల్లలకు నూలు బట్టలు వేయాలన్న పాత జాగ్రత్త ఇందుకే పుట్టింది. రెండోది ఆసుపత్రిలో అయస్కాంత శక్తితో శరీరం లోపలి భాగాలను స్కాన్ చేసే ఎమ్మారై గది. వాసన రాకుండా వెండి పోగులు కలిపి నేసిన క్రీడా దుస్తులు ఆ యంత్రంలో వేడెక్కి రోగులకు కాలిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ఆసుపత్రివారు ఇచ్చే గౌను వేసుకోమన్నప్పుడు లోపలి టీ షర్టు ఉంచుకుంటామని పట్టుబట్టవద్దు.

ఉతకడం

తిరగేసి, చల్లటి నీటిలో, తక్కువ సబ్బుతో ఉతకాలి. బట్టలను మెత్తబరిచే ద్రావణాలు పోగుల మీద పొరలా పేరుకొని, చెమటను ఆరబెట్టే గుణాన్ని చెడగొడతాయి. బ్లీచింగ్, అధిక వేడి స్పాండెక్స్‌ను పాడు చేస్తాయి గనుక నీడలో ఆరవేయాలి, ఇస్త్రీ బండికి ఇవ్వకూడదు. బొగ్గుల ఇస్త్రీపెట్టె వేడిని అదుపు చేయడం కష్టం. వాసన వదలకపోతే బకెట్టు నీటిలో ఒక కప్పు తెల్ల వెనిగర్ కలిపి అరగంట నానబెట్టి మామూలుగా ఉతకాలి. అప్పటికీ పోకపోతే దాన్ని బయటకు వేసుకునే అరలో పెట్టకండి.

ఇతరుల చూపుల గురించి

మగవాడు చేతుల్లేని బనియనూ, పొట్టి నిక్కరూ వేసుకొని కాలనీలో పాలప్యాకెట్టుకు వెళితే ఎవరూ పట్టించుకోరు. అదే వీధిలో ఒక అమ్మాయి శుభ్రమైన ట్రాక్ ప్యాంటుతో వెళితే నాలుగు కిటికీలు తెరుచుకుంటాయి. పైన చెప్పిన మూడు షరతులూ ఇద్దరికీ సమానంగా వర్తించాలి. ఆడవారికి మాత్రమే నాలుగో షరతు కలపడం అన్యాయం. దీని ఫలితం మాటలతో ఆగదు కూడా. ఇంటినుంచి పార్కు దాకా ఆ దుస్తులతో నడవడానికి సిగ్గుపడేవారు చివరికి వ్యాయామమే మానుకుంటారు.

ముఖ్యంగా యాభై, అరవై దాటిన తల్లుల విషయంలో ఇలా జరుగుతోంది. కేబీఆర్ పార్కులోనైనా, రామకృష్ణా బీచ్ రోడ్డులోనైనా ఉదయం వెళ్లి చూస్తే చీర కిందే స్పోర్ట్స్ బూట్లు వేసుకొని నడిచే పెద్దవారు కనబడతారు. నడకకు అది చాలు. కాని ఫిజియోథెరపీ, యోగా, ట్రెడ్‌మిల్ వంటివి మొదలుపెట్టినప్పుడు చీరకుచ్చిళ్లు, చున్నీ కొసలు కాళ్లకూ యంత్రాలకూ చుట్టుకొని ప్రమాదం తెచ్చిపెడతాయి. వారికి జిగురులా పట్టేసే లెగ్గింగ్స్ కొనిపెట్టి వేసుకోమని బలవంతపెట్టకుండా, నడుముకు సాగే పట్టీ ఉండి కాళ్ల దగ్గర వదులుగా ఉండే పత్తి ట్రాక్ ప్యాంటు, దాని మీదికి పక్క చీలికలున్న మోకాళ్ల దాకా వచ్చే కుర్తీ తీసుకోవాలి. ప్యాంటుకు జిప్పున్న జేబు ఉంటే ఇంటి తాళం, ఫోను, షుగరున్నవారైతే ఒక చిన్న గ్లూకోజు ప్యాకెట్టు పెట్టుకోవచ్చు. పాదాల మీదికి పడకుండా పొడవును చీలమండ దగ్గరికి కుట్టించండి. మొదటి వారం ఇంట్లోనే వేసుకొని తిరగమని చెప్పండి, తరవాత మేడ మీద, ఆ తరవాత వీధిలో. మొదటిసారి వీధిలోకి వెళ్లే రోజున ఇంట్లోవారు ఎవరైనా తోడు నడవండి.