ఇటాలియన్ చరిత్ర ఆడియో చెవికెక్కింది ఇలా (నా అనుభవం)

చదివితే అర్థమయ్యే ఇటాలియన్, చరిత్ర ఆడియో పెడితే ఒక్క ముక్కా అందేది కాదు. వేగం తగ్గించినా, పదాల జాబితాలు బట్టీ పట్టినా లాభం లేదు.

అసలు చిక్కు క్రియల్లో ఉంది. మొదటి పాఠాల్లో పెద్దగా కనిపించని ఒక భూతకాల రూపం చరిత్ర చెప్పేటప్పుడు అడుగడుగునా వస్తుంది. 'నాక్వే' అంటే పుట్టాడు, 'మొరీ' అంటే చనిపోయాడు. ముందు ఇలాంటివి ఇరవై రాసుకున్నాను. తర్వాత 1860లో ఇటలీ ఏకీకరణ కోసం పోరాడిన గరిబాల్డీ సుమారు వెయ్యిమందితో సిసిలీ దీవిలోని మార్సాలాలో దిగిన ఘట్టాన్ని తెలుగులో చదువుకుని, ఆడియోలో ఆ రెండు నిమిషాలే మళ్లీ మళ్లీ విని, విన్నది విన్నట్టు రాశాను. నాలుగోసారికి 'స్బార్కో', అంటే ఓడ దిగాడు, టక్కున చెవికి తగిలింది. ఎంత సంతోషమో! చివరగా కాగితం పక్కన పెట్టి విన్నాను.

నాకు అప్పటికే చదవడం వచ్చు. కొత్తగా మొదలుపెట్టేవారికి ఇంతే బాగా పనిచేస్తుందని మాత్రం చెప్పలేను.