శుక్లాల ఆపరేషన్‌కు ముందు నేను మార్చుకున్న పద్ధతి

కొన్నేళ్ల క్రితం నా కంటి క్లినిక్‌కు లాయరు నోటీసు వచ్చింది. మధుమేహం ఉన్న ఒక పెద్దాయనకు శుక్లం తీసి లెన్స్ పెట్టాను. ఆపరేషన్ బాగానే జరిగింది కానీ, కంటి వెనుక లోపలి పొర అయిన రెటీనా అప్పటికే దెబ్బతిని ఉండడంతో చూపు ఆశించినంత రాలేదు. "ముందే చెప్పి ఉంటే ఆలోచించుకునేవాణ్ని కదా డాక్టరుగారూ" అన్నారాయన. నేను చెప్పాను. కేసు షీటులో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. ఆయన సంతకం చేసిన అంగీకార పత్రం ఇంగ్లీషులో ఉంది. ఆయనకు ఇంగ్లీషు రాదు! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వైద్యసేవ వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. తగినంత సమాచారం ఇచ్చి తీసుకున్నదే సరైన అంగీకారమని 2008లో సమీరా కోహ్లీ అనే రోగి వేసిన కేసులో చెప్పింది. ఇవి నాకు తెలియనివి కావు, పాటించలేదంతే.

పత్రాన్ని తెలుగులో తిరగరాశాను. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి రెటీనా చూడకుండా ఇప్పుడు ఆపరేషన్ తేదీ ఇవ్వను. ఇంటివారిని పక్కన కూర్చోబెట్టి, "మీకేం అర్థమైందో మీ మాటల్లో చెప్పండి" అని అడుగుతాను. వారన్న మాటే షీటులో రాస్తాను. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, పట్టనివ్వండి.

ఆపరేషన్ తర్వాత నొప్పి, ఎరుపు, చూపు మందగించడం అని ఫోను వస్తే మా సిబ్బంది "రేపు రండి" అనరు. అదే రోజు చూస్తాం, ఫోను వచ్చిన సమయం రాస్తాం. రికార్డులు అడిగినవారికి 72 గంటల్లోపు నకళ్లు ఇస్తాం.

ఆ పెద్దాయనను రెటీనా నిపుణుల దగ్గరకు నేనే తీసుకెళ్లాను.