బోరు బండి మనుషులకు ఇన్సూరెన్స్ ఎలా తీసుకోవాలి? ప్రమాదం జరగకుండా ఏమేం చూసుకోవాలి?

"మీ మనుషులకు ఇన్సూరెన్స్ ఉందా?" అని బోరు బండి ఓనర్‌ను అడిగితే, చాలామంది నుంచి వచ్చే జవాబు "బండికి ఉంది కదండీ!" అనే. బండి పాలసీ ప్రధానంగా రోడ్డు మీద జరిగే ప్రమాదాల కోసం. పొలంలో జాక్‌లు దించి, మాస్ట్ (డ్రిల్లింగ్ నిలువు స్తంభం) లేపి, రాడ్లు మారుస్తుండగా హెల్పర్ చెయ్యి నలిగితే మోటారు బీమా కంపెనీ అంత తేలిగ్గా డబ్బు ఇవ్వదు. అది డ్రిల్లింగ్ పని, వాహన ప్రమాదం కాదని వాదిస్తుంది. ఈ పనికి విడిగా తీసుకోవాల్సింది ఉద్యోగుల పరిహార పాలసీ. పాత రోజుల్లో వర్క్‌మెన్ కాంపెన్సేషన్ అనేవాళ్లు, ఏజెంట్లు ఇప్పటికీ డబ్ల్యూసీ పాలసీ అనే అంటారు.

1. బాధ్యత ఎవరిదో ముందు తేల్చుకోండి

పనిలో ఉండగా, పని వల్ల కార్మికుడికి దెబ్బ తగిలితే పరిహారం యజమానే ఇవ్వాలి. ఇందులో యజమాని తప్పు ఉందా లేదా అన్న ప్రశ్నే రాదు. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం ఈ మాటే చెప్పింది. 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ కూడా అదే చెబుతోంది.

"మందు తాగి ఉన్నాడు, చెప్పిన మాట వినలేదు, అందుకే పడ్డాడు" అనే వాదన చిన్న గాయాల విషయంలో కొంత పనికొస్తుంది. మనిషి చనిపోయినా, పూర్తిగా పనికి దూరమైనా ఆ వాదన చెల్లదు. ఈ సంగతి తెలియక ధీమాగా ఉండే ఓనర్లు చాలామంది.

మీ పనివాళ్లకు ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) వర్తిస్తుంటే ఈ పరిహారం భారం మీ మీద పడదు. కానీ ఊరూరా తిరిగే చిన్న రిగ్గుల (బోరు బండ్ల) మీద పనిచేసేవాళ్లకు అది ఉండటం అరుదు. రియల్ ఎస్టేట్ వెంచర్లకో, కంపెనీలకో బోర్లు వేస్తుంటే వాళ్లు మీ పాలసీ కాపీ అడుగుతారు. మీ మనుషులకు ఏదైనా జరిగితే పరిహారం ముందు వాళ్ల నుంచే రాబట్టే వీలు చట్టంలో ఉంది, అందుకే ఆ జాగ్రత్త.

2. మీద పడే మొత్తం ఎంతో లెక్క వేసుకోండి

లెక్క కష్టమేమీ కాదు. మనిషి చనిపోతే నెల జీతంలో సగాన్ని వయసు ప్రకారం చట్టం ఇచ్చిన గుణకంతో హెచ్చించాలి. శాశ్వతంగా ఏ పనీ చేయలేని స్థితి వస్తే సగానికి బదులు 60 శాతం. జీతం ఎంత ఎక్కువున్నా, లెక్కలోకి తీసుకునే గరిష్ఠ మొత్తాన్ని 2020 జనవరిలో నెలకు 15,000 రూపాయలుగా నిర్ణయించారు. ఈ పరిమితిని ప్రభుత్వం మార్చవచ్చు కాబట్టి పాలసీ తీసుకునే రోజు ఎంత ఉందో అడగండి.

30 ఏళ్ల డ్రిల్లర్‌కు గుణకం 207.98. చనిపోతే 7,500 × 207.98, అంటే 15,59,850 రూపాయలు. పూర్తి వైకల్యమైతే 18,71,820. బొటనవేలు పోతే చట్టం దాన్ని 30 శాతం సంపాదన నష్టంగా లెక్కిస్తుంది, అంటే 5,61,546 రూపాయలు. ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే 50 శాతం. రాడ్ల దగ్గర ఎక్కువగా నలిగేవి వేళ్లే కాబట్టి ఈ అంకెలు గుర్తుంచుకోవాల్సినవే. ఆసుపత్రి ఖర్చు దీనికి అదనం, అదీ యజమానిదే.

3. బీమా కంపెనీకి ఉన్నది ఉన్నట్టు చెప్పండి

క్లెయిములు ఎక్కువగా చెడేది ఇక్కడే. ప్రీమియం మొత్తం జీతాల మీద, పని రకం మీద ఆధారపడుతుంది. అందుకని ఆరుగురు పనిచేస్తుంటే నలుగురని, డ్రిల్లర్‌ను హెల్పర్ అని, 18,000 ఇస్తూ 9,000 అని రాయించడం మామూలైపోయింది. మిగిలేది కొన్ని వేల రూపాయల ప్రీమియం. క్లెయిము వచ్చాక కంపెనీ జీతాల పుస్తకం అడిగి, తేడా చూపి, తాను ఇవ్వాల్సినదాన్ని తగ్గించేస్తుంది. మిగతాది ఓనర్ జేబులోంచే పోతుంది.

ప్రపోజల్ ఫారంలో పనిని "బోర్‌వెల్ డ్రిల్లింగ్" అని స్పష్టంగా రాయించండి. "జనరల్ లేబర్" అని వదిలేయొద్దు. బండి రెండు రాష్ట్రాల్లో తిరుగుతుంటే రెండింటి పేర్లూ పెట్టించండి. జీతంతో పాటు అడుగుకు ఇంతని ఇచ్చే డబ్బు, బత్తా, భోజనం ఉంటే వాటిని జీతం కింద ఎలా చూపాలో కంపెనీని రాతపూర్వకంగా అడగండి. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కుర్రాళ్లు సీజన్ మధ్యలో మారిపోతుంటారు. కాబట్టి పేర్లతో కాకుండా, పని రకాన్నిబట్టి ఇంతమంది అని తీసుకునే పాలసీ మేలు. 18 ఏళ్లు నిండనివాళ్లను మాత్రం రిగ్గు దగ్గరికే రానివ్వొద్దు.

ఇంకో మూడు విషయాలు తప్పనిసరిగా అడగండి. వైద్య ఖర్చులు సాధారణంగా మూల పాలసీలో ఉండవు, అదనపు ప్రీమియం కట్టి చేర్చుకోవాలి. సిలికోసిస్ (రాతిపొడి వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) లాంటి వృత్తి వ్యాధులకూ విడిగా అడగాలి. ఇక పరిహారం ఆలస్యమైతే పడే వడ్డీని పాలసీ భరిస్తుందా లేదా చూసుకోండి. కొన్ని పాలసీల్లో అది ఉండదు.

4. రిగ్గు దగ్గర పద్ధతి మార్చండి

మాస్ట్ లేపే ముందు తల పైకెత్తి చూడాలి. రైతు బోరు పాయింటు పెట్టించింది కరెంటు తీగల కింద అయితే, "కొంచెం పక్కకి జరుపుదాం" అని చెప్పగలగాలి. మాస్ట్ ఎంత ఎత్తుంటుందో, తీగల నుంచి అంతకంటే ఎక్కువ దూరంలో బండి నిలబెట్టడం మంచి లెక్క. వీలుకాకపోతే లైన్‌మన్‌ను పిలిచి ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకోవాలి. ఆయన సరఫరా ఆపి, ఆగిందని చెప్పేదాకా మాస్ట్ లేపకూడదు. ఒకవేళ మాస్ట్ తీగకు తగిలితే క్యాబిన్‌లో ఉన్నవాళ్లు దిగొద్దు, కింద ఉన్నవాళ్లు బండిని ముట్టుకోవద్దు. మంటలు లేచి దిగక తప్పకపోతే బండినీ నేలనూ ఒకేసారి తాకకుండా, రెండు కాళ్లూ కలిపి దూకాలి.

రాడ్డు మార్చే ఆ అర నిమిషాన్ని ఒకసారి దగ్గర నిలబడి చూడండి. హెల్పర్ వంగి రాడ్డుకు స్పానర్ తగిలిస్తాడు. డ్రిల్లర్ చెయ్యి లివర్ మీద ఉంటుంది. కంప్రెసర్ హోరులో మాట వినపడదు. హెల్పర్ వేళ్లు ఇంకా స్పానర్‌కూ చట్రానికీ మధ్య ఉండగానే రాడ్డు తిరిగిందంటే అంతే. దీనికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. చేతి సైగలు ముందే అనుకోవాలి. హెల్పర్ రెండడుగులు వెనక్కి జరిగి చెయ్యి పైకెత్తేదాకా డ్రిల్లర్ లివర్ కదపకూడదు. మెడలో తువ్వాలు, వదులు చొక్కా, లుంగీ, హవాయి చెప్పులు తిరిగే రాడ్డు పక్కన ఉండనే కూడదు. చెయ్యి పైకెత్తేదాకా లివర్ కదపకూడదన్న ఒక్క నియమమే చాలామంది వేళ్లు కాపాడుతుంది.

కంప్రెసర్ హోసు జాయింటు ఊడితే ఆ గొట్టం కొరడాలా కొడుతుంది. జాయింటుకు రెండువైపులా పట్టి ఉంచే ఉక్కు తాడు కట్టండి, ఖర్చు కొద్దిగానే. గాలి పూర్తిగా వదిలేశాకే హోసు విప్పాలి. నేల మెత్తగా ఉంటే జాక్‌ల కింద మందపాటి చెక్కలు వేయాలి.

నీళ్లు పడకముందు పైకి లేచే తెల్లటి రాతిపొడిని తువ్వాలు ఆపలేదు. ఎన్95 లాంటి మాస్క్, వీలైతే నీళ్లు చిమ్మే ఏర్పాటు ఉండాలి. సిలికోసిస్‌ను నయం చేసే మందు లేదు. ఏడాదికోసారి ఛాతీ ఎక్స్‌రే తీయించి ఆ కాగితాలు దాచండి.

బోరు ఫెయిలైతే మూత బిగించకుండా వెళ్లొద్దు. అందులో పిల్లలెవరైనా పడితే ఈ పాలసీ ఒక్క రూపాయి ఇవ్వదు. బయటివాళ్లకు జరిగే నష్టానికి పబ్లిక్ లయబిలిటీ పాలసీ వేరే ఉంటుంది.

5. ప్రమాదం జరిగితే

ముందు ఆసుపత్రి. తర్వాత అదే రోజు బీమా కంపెనీకి ఫోన్‌తో పాటు మెయిల్ కూడా పంపండి. సెల్‌ఫోన్‌తో ఫొటోలు తీయండి, హాజరు పుస్తకం భద్రం చేయండి. మరణమైతే పోలీసు ఫిర్యాదు, పోస్టుమార్టం తప్పనిసరి. ఏడు రోజుల్లోగా కార్మిక శాఖ అధికారికి తెలియజేయాలి.

తర్వాత ఊళ్లో పంచాయితీ మొదలవుతుంది. పెద్దమనుషులు కూర్చుని, "ఐదు లక్షలిచ్చి తెంపేయండి" అంటారు, కాగితం మీద సంతకాలవుతాయి. జాగ్రత్త, చట్టం దృష్టిలో అది పరిహారం ఇచ్చినట్టు కాదు. మరణ పరిహారాన్ని కార్మిక శాఖలోని పరిహార అధికారి దగ్గరే జమ చేయాలి. భార్యాపిల్లల వాటాలు ఆయనే తేలుస్తారు. చేతికిచ్చి పంపితే ఆ కుటుంబం రెండేళ్లలోగా కేసు వేయవచ్చు, మీరు మళ్లీ కట్టాల్సి వస్తుంది. నెల దాటితే ఏటా 12 శాతం వడ్డీ, కారణం లేని ఆలస్యానికి 50 శాతం దాకా జరిమానా ఉంటుంది. ఆ జరిమానా పాలసీలోంచి రాదు.

6. రెన్యూవల్ తేదీ

బోర్ల సీజన్ ఎండాకాలం. పాలసీ ఏప్రిల్‌లో ముగిసేలా ఉంటే, బండి రాత్రీపగలూ తిరిగే రోజుల్లో రెన్యూవల్ మర్చిపోవడం ఖాయం. తేదీని జనవరికి మార్చుకోండి. ఏడాది చివర అసలు ఇచ్చిన జీతాల లెక్క కంపెనీకి ఇచ్చి, తేడా ప్రీమియం కట్టేసి రసీదు తీసుకోండి. పాలసీ ఫొటో ఒకటి డ్రిల్లర్ ఫోన్‌లోనూ ఉంచండి. ప్రమాదం జరిగిన పొలంలో మీరు ఉండకపోవచ్చు, డ్రిల్లర్ మాత్రం ఉంటాడు.